తాళం మన చేతిలో, సొమ్ము స్వామిది: పద్మనాభదాసు మార్తాండ వర్మ కథ



ఈ వారం మన ఛానల్‌లో తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి ఆలయం వీడియో పెట్టాం. నేలమాళిగల గురించి, ఇంకా తెరవని ఆ గది గురించి అందరూ అడుగుతారని నాకు ముందే తెలుసు. నేనూ ఆ ఆసక్తితోనే చదవడం మొదలుపెట్టాను. కానీ చదివేకొద్దీ నా ధ్యాస ఆ తలుపు మీద నుంచి ఒక మనిషి మీదకి మళ్లింది. ఆ గుడిని మళ్లీ కట్టించి, తన రాజ్యం మొత్తం స్వామి పేరున రాసిచ్చి, ఆ తర్వాత కూడా అదే రాజ్యాన్ని ఏలిన మనిషి. అనిళం తిరునాళ్ మార్తాండ వర్మ. వీడియోలో ఆయనకి రెండు నిమిషాలే ఇవ్వగలిగాను. మిగతాది ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకంటే ఈ కథ నన్ను ఎక్కడ పట్టుకుందో అది చెప్పకపోతే మీకు అర్థం కాదు.

మా బాబాయి వాళ్లు అమెరికాలో ఉంటారు. హైదరాబాద్‌లో వాళ్లకి ఒక ఫ్లాట్ ఉంది. దాని వ్యవహారాలు చూసుకోమని నా పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. తాళాలు నా దగ్గరే. అద్దె వచ్చేది నా అకౌంట్‌లోకే. మెయింటెనెన్స్ కట్టేదీ, కుళాయి కారితే ప్లంబర్‌ని పిలిచేదీ నేనే. నాలుగేళ్లు గడిచేసరికి నాకు తెలియకుండానే దాన్ని మా ఫ్లాట్ అనడం మొదలుపెట్టాను. ఒక నెల చేతిలో డబ్బు తక్కువైతే ఆ అద్దెలోంచి 60 వేలు వాడుకున్నాను. మళ్లీ వేసేద్దాంలే అనుకున్నాను. వేయలేదు. ఒక ఆదివారం బాబాయి ఫోన్‌లో మామూలుగానే, ఈ ఏడాది లెక్క ఒకసారి పంపమని అడిగారు. నిజానికి నాకు సిగ్గు వేయాలి. కానీ కోపం వచ్చింది. ఇంత చాకిరీ చేస్తుంటే నన్నే లెక్క అడుగుతారా అనిపించింది.

ఆ కోపం సంగతి చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం. ఇప్పుడు మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్దాం.

ఎనిమిదిన్నర మంది చేతిలో గుడి

మార్తాండ వర్మ పుట్టింది 1706లో, అనూరాధ నక్షత్రంలో. మలయాళంలో ఆ నక్షత్రాన్ని అనిళం అంటారు. పేరు ముందు అనిళం తిరునాళ్ అని ఉండేది అందుకే. అప్పటికి తిరువాంకూర్ అనే పెద్ద రాజ్యం లేదు. వేణాడు అనే చిన్న రాజ్యం ఉండేది.

అక్కడి పద్ధతి మనకి కొంచెం కొత్తగా ఉంటుంది. రాజు తర్వాత సింహాసనం ఆయన కొడుక్కి వెళ్లదు, అక్కచెల్లెళ్ల కొడుక్కి వెళ్తుంది. అంటే మేనల్లుడే వారసుడు. ఇది రాజుల ఇళ్లలోనే కాదు, అక్కడి చాలా కుటుంబాల్లో ఉన్న ఆచారం. తల్లి వైపు ఉమ్మడి కుటుంబాన్ని తరవాడు అంటారు. ఆ కుటుంబంలో పెద్ద మేనమామని కారణవర్ అంటారు. ఆస్తి అంతా ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది. కానీ అది ఆయన సొంతం కాదు. తరవాడు మొత్తానిది. ఆయన చూసుకోవాలి, పెంచాలి, తర్వాతి వాళ్లకి అప్పగించాలి. తనది కాని ఆస్తిని తన చేతిలో పెట్టుకుని నడపడం అనే విషయం అక్కడ ప్రతి పెద్దింట్లోనూ రోజూ కళ్ల ముందు ఉండేదన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక గుడి సంగతి. పద్మనాభస్వామి ఆలయాన్ని, దానికున్న భూముల్ని అప్పట్లో ఎట్టర యోగం అనే సభ నడిపేది. ఎట్టర అంటే ఎనిమిదిన్నర. ఎనిమిది మంది సభ్యులకి తలా ఒక ఓటు, రాజుకి అర ఓటు అని చెబుతారు. రాజుకి అర ఓటు ఏంటి అని నవ్వు రావచ్చు. గుడి విషయంలో ఆయన మాట చెల్లేది అంతవరకే.

ఆ గుడి భూముల శిస్తు వసూలు చేసే పని ఎనిమిది ఇళ్ల నాయర్ ప్రభువుల చేతిలో ఉండేది. వాళ్లనే ఎట్టువీట్టిల్ పిళ్లమార్ అంటారు. కాగితం మీద వాళ్లు స్వామి తరఫున వసూలు చేసేవాళ్లు. కాలం గడిచేకొద్దీ వసూలు చేసే చెయ్యే సొంతదారు చెయ్యి అయిపోయింది. పొలం స్వామిది, రైతు వంగి దండం పెట్టేది మాత్రం పిళ్లకి. సొంత సైన్యాలు కూడా పెంచుకున్నారు. మన ఊళ్లలో దేవుడి మాన్యాన్ని కౌలుకి తీసుకుని రెండు తరాలు తిరిగేసరికి మా పొలం అనేవాళ్లని మీరూ చూసే ఉంటారు. అదే సంగతి, ఇంకా పెద్ద ఎత్తున.

దానికి తోడు గుడి పరిస్థితి కూడా దయనీయంగా ఉంది. 1686లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆలయం కాలిపోయింది. దశాబ్దాల పాటు సరైన పునర్నిర్మాణం జరగలేదు.

పనస చెట్టు తొర్రలో యువరాజు

మార్తాండ వర్మ చిన్నతనం అంతా ప్రాణభయంతోనే గడిచింది. మేనమామ రామ వర్మ రాజుగా ఉన్నాడు. ఆయన కొడుకులు ఇద్దరు, తంపి సోదరులు, తండ్రి సింహాసనం మాకే రావాలని పట్టుబట్టారు. ఆచారం ప్రకారం వారసుడు మేనల్లుడు. పిళ్లమార్లకి ఈ మేనల్లుడంటే గిట్టదు, ఎందుకంటే రేపు రాజైతే తమ పెత్తనం పోతుందని వాళ్లకి తెలుసు. అందుకని తంపిల పక్షాన నిలబడ్డారు.

నెయ్యాట్టిన్‌కరలో ఒక పాత పనస చెట్టు మిగిలి ఉంది. దాన్ని అమ్మచ్చిప్లావు అంటారు. శత్రువులు తరుముకొస్తుంటే యువరాజు ఆ చెట్టు తొర్రలో దాక్కుని బతికాడని, ఆ తొర్ర చూపించింది ఒక చిన్న పిల్లవాడని, ఆ పిల్లవాడు కృష్ణుడేనని అక్కడి భక్తుల నమ్మకం. తర్వాత రాజయ్యాక ఆ చోటే కృష్ణుడికి గుడి కట్టించాడు. నెయ్యాట్టిన్‌కర శ్రీకృష్ణస్వామి ఆలయం అదే.

1729లో మేనమామ పోయాక ఆయన గద్దెనెక్కాడు. వయసు 23. మనలో చాలామందికి మొదటి ఉద్యోగం వచ్చే వయసు.

ఇక్కడ నుంచి కథ మెత్తగా ఉండదు. మన ఛానల్ భక్తి ఛానలే అయినా నేను ఇది దాచి చెప్పలేను. తంపి సోదరులు ఇద్దరూ నాగర్‌కోయిల్‌లో హతమయ్యారు. పిళ్లమార్లని కుట్ర నేరం మీద పట్టుకుని మరణశిక్ష వేశారు. వాళ్ల ఆస్తులు జప్తు చేశారు, ఇళ్లు నేలమట్టం చేశారు. వాళ్ల ఇంటి ఆడవాళ్లని, పిల్లల్ని సముద్రం ఒడ్డున జాలరులకి అప్పగించేశారని తరతరాలుగా చెప్పుకుంటారు. ఒకప్పుడు తొర్రలో దాక్కున్న పిల్లాడి చేతికి ఇప్పుడు చాలా నెత్తురు అంటింది. ఆ తర్వాత గుడి వ్యవహారంలో రాజు మాట అర ఓటు కాదు. మొత్తం ఆయన చేతిలోకే వచ్చింది.

గుడి లేచింది, రాజ్యం పెరిగింది

ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి గుడిని మళ్లీ లేపడం. ఇప్పుడు మనం దర్శనం చేసుకునే శయన మూర్తి ఆ కాలంలోదే. ఆదిశేషుడి మీద పడుకున్న స్వామి, పొడవు 18 అడుగులు. నేపాల్‌లోని గండకీ నది నుంచి తెచ్చిన 12,008 సాలగ్రామాలని కటుశర్కర అనే ప్రత్యేకమైన మిశ్రమంతో కలిపి ఆ మూర్తిని తయారు చేశారు. గర్భగుడికి మూడు ద్వారాలు. ఒకదాంట్లోంచి ముఖం, ఒకదాంట్లోంచి నాభి, ఒకదాంట్లోంచి పాదాలు కనిపిస్తాయి. వెళ్లినవాళ్లకి తెలుసు, ఒక్క చోట నిలబడి స్వామిని పూర్తిగా చూడలేం.

ఆ మూడు ద్వారాల ముందు ఒక రాతి వేదిక ఉంటుంది. ఒట్టక్కల్ మండపం. పేరులోనే ఉంది, ఒకే రాయి. సుమారు 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల మందం. ఆ రాతి మీద సాష్టాంగపడే హక్కు తిరువాంకూర్ రాజుకి తప్ప ఎవరికీ లేదు. ఎందుకో తెలుసా? ఆ రాయి మీద సాష్టాంగపడినవాడు తనకున్న సర్వస్వం స్వామికి ఇచ్చేసినట్టే లెక్క. రాజు ఎలాగూ ముందే ఇచ్చేశాడు. మరి ఎప్పుడు ఇచ్చాడు?

దానికి ముందు ఇంకో ఇరవై ఏళ్ల కథ ఉంది. 1741లో కొళచ్చల్ తీరంలో డచ్ కంపెనీ సైన్యాన్ని ఆయన ఓడించాడు. అప్పట్లో మిరియాల వ్యాపారం కోసం కేరళ తీరమంతా డచ్ వాళ్లు గట్టిగా పాతుకుపోయి ఉన్నారు. వాళ్లని ఒక చిన్న రాజ్యం ఓడించడం మామూలు విషయం కాదు. ఆ యుద్ధంలో దొరికిన డి లనోయ్ అనే అధికారిని చంపకుండా తన దగ్గరే కొలువులో పెట్టుకున్నాడు. ఆ డి లనోయ్ తిరువాంకూర్ సైన్యానికి యూరప్ పద్ధతిలో శిక్షణ ఇచ్చి, చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన సమాధి ఉదయగిరి కోటలో ఉంది.

ఆ సైన్యంతో, దళవాయి రామయ్యన్ సాయంతో, మార్తాండ వర్మ ఉత్తరానికి కదిలాడు. కొల్లం, కాయంకుళం, అంబలప్పుళ, ఇంకా పైనున్న చిన్న రాజ్యాలు ఒక్కొక్కటిగా కలిసిపోయాయి. వేణాడు కాస్తా తిరువాంకూర్ అయింది. మిరియాల వ్యాపారం మొత్తం రాజ్యం చేతికి వచ్చింది. ఖజానా నిండింది. అప్పటికి ఆయన వయసు 43. ఎదురు నిలబడేవాడు లేడు.

సరిగ్గా అక్కడ ఆయన ఎవరూ ఊహించని పని చేశాడు.

1750 జనవరి 3

ఆ రోజు రాజు పరివారంతో సహా గుడికి వెళ్లాడు. ఒట్టక్కల్ మండపం మీద స్వామి ముందు తన ఖడ్గాన్ని పెట్టాడు. తన రాజ్యం మొత్తాన్ని, దాని మీద తనకున్న హక్కులన్నిటినీ స్వామికి దానం చేస్తున్నట్టు తాళపత్రం మీద రాయించి సమర్పించాడు. దీన్నే తృప్పడిదానం అంటారు. తృప్పడి అంటే స్వామి పవిత్రమైన మెట్టు. ఆ మెట్టు మీద పెట్టి ఇచ్చేయడం అన్నమాట.

ఆ తర్వాత అదే ఖడ్గాన్ని తిరిగి చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు రాజుగా కాదు, స్వామి సేవకుడిగా. ఆ రోజు నుంచి ఆయన పేరు పద్మనాభదాసు. ఆయన తర్వాత గద్దెనెక్కిన ప్రతి ఒక్కరూ అదే పేరు పెట్టుకున్నారు. ఆ ఇంటి ఆడవాళ్లు పద్మనాభ సేవినులు. రాజ్య చిహ్నం స్వామి శంఖం. ప్రభుత్వ ఆస్తి అంటే శ్రీపద్మనాభుడి వక, అంటే ఆయన సొత్తు. సింహాసనం మీద కూర్చునేవాడు ఆయన తరఫున కూర్చున్నవాడు.

మనకి ఇది కొత్త కాదు కదా. రాముడి పాదుకల్ని సింహాసనం మీద పెట్టి నందిగ్రామం నుంచి రాజ్యం నడిపిన భరతుడి కథ మనం పాలతో పాటు తాగాం. తేడా ఏంటంటే భరతుడికి రాముడు తిరిగొస్తాడు. పద్నాలుగేళ్లు గడువు. పద్మనాభదాసుకి గడువు లేదు. అప్పగింతా లేదు. తరతరాలూ చూసుకోవడమే.

ఇది భక్తా, రాజకీయమా?

మీలో కొందరికి ఈ అనుమానం వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. కొత్తగా గెలుచుకున్న రాజ్యాల్లో జనం ఇంకా పాత రాజుల మీద అభిమానంతోనే ఉన్నారు. ఇప్పుడు రాజ్యం స్వామిది అయిపోతే రాజు మీద తిరగబడటం అంటే స్వామి మీద తిరగబడటమే. ఏ భక్తుడు చేస్తాడు? శత్రు రాజు దండెత్తినా అది దేవుడి సొత్తు మీద దండయాత్ర అవుతుంది. చరిత్రకారులు చాలామంది దీన్ని తెలివైన రాజనీతిగానే చూస్తారు. మరికొందరు, చేసిన రక్తపాతానికి పశ్చాత్తాపంగా చూస్తారు. ఆయన మొదలుపెట్టిన మురజపం కూడా దానికి ప్రాయశ్చిత్తమే అంటారు. ఆరేళ్లకి ఒకసారి 56 రోజుల పాటు వేదపారాయణ చేసి, చివర్లో లక్షదీపాలు వెలిగించే ఆ ఉత్సవం నేటికీ జరుగుతోంది.

ఆ మనిషి మనసులో ఏముందో తేల్చడం నా వల్ల కాదు. భక్తి, భయం, లెక్క, పశ్చాత్తాపం అన్నీ ఒకే గుండెలో ఉండొచ్చు. మనకి మాత్రం ఉండవా? నేను గుడికి వెళ్లినప్పుడల్లా భక్తితోనే వెళ్తున్నానా అని అడిగితే నా దగ్గరా సూటి జవాబు లేదు.

కానీ ఒకటి చూడండి. ఆయన ఏ ఉద్దేశంతో ఇచ్చినా, ఇచ్చింది రాతపూర్వకంగా, అందరి ముందూ ఇచ్చాడు. రాజ్యం నాది అని చెప్పే హక్కుని తన నోటితో తనే వదులుకున్నాడు. ఆ మాట తర్వాత రోజువారీ జీవితంలోకి ఎలా దిగిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాజు రోజూ గుడికి వచ్చి స్వామికి కనపడాలి. ఒక రకంగా ఉద్యోగి పొద్దున్నే ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టినట్టు. రాకపోతే జరిమానా కట్టే ఆనవాయితీ ఉండేదని చెబుతారు. దర్శనం అయ్యాక గుడి బయటికి అడుగుపెట్టే ముందు రాజు తన పాదాలు దులుపుకునే వాడని, స్వామి సొత్తులో ఇసుక రేణువు కూడా తనతో ఇంటికి రాకూడదని ఆ ఆచారమని అంటారు. ఆ కుటుంబ పెద్దలు ఈ కాలంలో కూడా దాన్ని పాటించారు.

లెక్కల సంగతి ఇంకా గొప్పది. ఈ గుడికి సంబంధించిన పాత రికార్డులని మతిలకం రికార్డులు అంటారు. లక్షల సంఖ్యలో తాళపత్రాలు. ఏ పూజకి ఎంత బియ్యం, ఏ భూమి నుంచి ఎంత రాబడి, ఎవరు ఏ కానుక ఇచ్చారు అన్నీ రాసి ఉంచారు. నాలుగేళ్ల అద్దెకి ఒక ఎక్సెల్ షీట్ కూడా పెట్టని నేను ఈ విషయం చదివి కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను.

మార్తాండ వర్మ 1758 జులై 7న కన్నుమూశాడు. పోయే ముందు మేనల్లుడు రామ వర్మని పిలిచి కొన్ని విషయాలు అప్పగించాడని చెబుతారు. పద్మనాభుడికి చేసిన సమర్పణ విషయంలో తాను పెట్టిన ఏర్పాటు ఏదీ మార్చకూడదని, రాజ్యం ఖర్చు ఎప్పుడూ ఆదాయాన్ని దాటకూడదని అందులో ముఖ్యమైనవి. ధర్మరాజాగా పేరు తెచ్చుకున్న ఆ మేనల్లుడు మాట నిలబెట్టుకున్నాడు. 1766లో తనూ ఇంకోసారి తృప్పడిదానం చేశాడు.

సొంతదారు ఎవరు, చూసుకునేవాడు ఎవరు

ఇప్పుడు చట్టం ముక్క కొంచెం. బోర్ కొట్టకుండా చెబుతాను.

మన పల్లెటూళ్లలో అడంగల్, పహాణీ చూసిన వాళ్లకి తెలుసు. అందులో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటాయి. పట్టాదారు అంటే హక్కు ఎవరిదో వాళ్లు. అనుభవదారు అంటే భూమి ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో వాళ్లు. రెండూ ఒకరే కావాలని లేదు. గుడి భూముల విషయంలో పట్టాదారు గడిలో స్వామి పేరే ఉంటుంది.

మన చట్టం ప్రతిష్ఠ చేసిన దేవతా మూర్తిని ఒక వ్యక్తిగా గుర్తిస్తుంది. ఆయన పేరున ఆస్తి ఉండొచ్చు, ఆయన పేరున కేసు వేయొచ్చు. కానీ ఆయన స్వయంగా వచ్చి సంతకం పెట్టడు కదా. అందుకని ఆయన్ని ఎప్పటికీ మైనర్‌గా ఉండే వ్యక్తిలా చూస్తారు. ఆయన తరఫున ఆస్తి చూసే మనిషిని షెబాయిత్ అంటారు. సేవ అనే మాట నుంచే వచ్చింది ఆ పదం. ఆస్తి ఆయన స్వాధీనంలో ఉంటుంది, తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి, ఆ బాధ్యత వారసత్వంగా కూడా రావొచ్చు. కానీ ఆ ఆస్తి ఆయనది కాదు. ప్రతి పైసా స్వామి అవసరం కోసమే. మన తెలుగులో దీనికి ఎంత మంచి మాట ఉందో చూడండి, ధర్మకర్త. మన తిరుమల ఆలయం కూడా 1843 నుంచి 1933 దాకా హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో విచారణకర్తలుగా నడిచింది. ఆలయం చూసుకున్నది వాళ్లు, ఆస్తి శ్రీవారిది.

ఇదంతా పాత కాలం మాట అనుకోకండి. 1949లో తిరువాంకూర్, కొచ్చిన్ కలిసిపోయినప్పుడు రాసుకున్న ఒప్పందంలో పద్మనాభస్వామి ఆలయ నిర్వహణ మాత్రం తిరువాంకూర్ పాలకుడి చేతిలోనే ఉంచారు. రాజ్యం పోయింది, దాసుడి పని మిగిలింది. ఆ ఒప్పందం మీద సంతకం చేసిన చివరి మహారాజు శ్రీ చిత్తిర తిరునాళ్ 1991లో స్వర్గస్తులయ్యారు. తర్వాత ఆయన తమ్ముడు ఆ బాధ్యత తీసుకున్నారు.

కొన్నేళ్లకి, గుడి సంపద నిర్వహణ సరిగ్గా లేదని కొందరు భక్తులు కోర్టుకి వెళ్లారు. రాజరికమే లేనప్పుడు పాలకుడు ఎవరు, ఆ హక్కు వారసులకి ఎలా వస్తుంది అన్నది ప్రశ్న. 2011 జనవరిలో కేరళ హైకోర్టు ఆ హక్కు వారసులకి రాదని చెప్పింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. సంపద జాబితా తయారు చేయమని కోర్టు చెప్పడంతోనే ఆ ఏడాది జూన్‌లో నేలమాళిగలు తెరిచారు. ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది అప్పుడే. అంటే మీరు వీడియోలో చూసిన ఆ బంగారం కథ మొదలైంది నిధి వేటతో కాదు. లెక్క చెప్పమని అడిగిన ఒక కేసుతో.

2014లో కోర్టు నియమించిన సహాయకుడు నిర్వహణలో లోపాలున్నాయని నివేదిక ఇచ్చారు. జిల్లా జడ్జి ఆధ్వర్యంలో తాత్కాలిక కమిటీకి గుడి పాలన అప్పగించారు. చివరికి 2020 జులై 13న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చివరి మహారాజు మరణంతో ఆ కుటుంబపు షెబాయిత్ హక్కు పోలేదని చెప్పింది. అంటే సేవ చేసే హక్కు వాళ్లదే. కానీ రోజువారీ పాలన జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండే కమిటీ చూస్తుంది. గత 25 ఏళ్ల లెక్కలు ఆడిట్ చేయాలి. ఆ కుటుంబం పెట్టిన ట్రస్టు తమకి ఆడిట్ నుంచి మినహాయింపు కావాలని అడిగితే 2021లో కోర్టు కుదరదని చెప్పింది.

ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. 1750లో మార్తాండ వర్మ ఆ పత్రం రాయించింది తన అధికారం గట్టిపడటానికే అనుకుందాం. అదే మాట 270 ఏళ్ల తర్వాత ఆయన ఇంటివాళ్లకి రెండు వైపులా పనిచేసింది. మీరు స్వామి సేవకులు కాబట్టి మీ స్థానం ఎక్కడికీ పోదు అన్నది ఒక వైపు. స్వామి సేవకులే కాబట్టి లెక్క చెప్పాలి అన్నది ఇంకో వైపు. మొదటిది కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు. దాసుడు అనే పేరులో ఆ రెండూ కలిసే ఉన్నాయి.

పిళ్లమార్ల పొరపాటు కూడా నాకు అప్పుడే అర్థమైంది. వాళ్లు మొదటి రోజే దొంగలు కాదు. వసూలు చేసి స్వామికి చేర్చేవాళ్లే. ఏదో ఒక రోజు, ఎవరూ అడగని ఒక ఏడాది, చేర్చడం కొంచెం తగ్గింది. అడిగేవాడి మీద కోపం రావడం మొదలైంది. అంతే.

నా లెక్క

నా కోపం కూడా సరిగ్గా అదే. బాబాయి నన్ను అనుమానించలేదు. అది వాళ్ల ఫ్లాట్, లెక్క అడగడం వాళ్ల హక్కు. నాలుగేళ్లుగా తాళాలు నా జేబులో ఉండేసరికి పట్టాదారు గడిలో నా పేరు నేనే రాసేసుకున్నాను. అది చెరిపేయమని ఆయన ఫోన్ గుర్తుచేసింది. అందుకే మండింది.

పోయిన నెల కూర్చుని నాలుగేళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్లు తీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. వాడుకున్న 60 వేలు వాడుకున్నట్టే రాశాను. మూడు వాయిదాల్లో వేస్తానని చెప్పి షీట్ బాబాయికి పంపాను. అద్దె కోసం విడిగా ఒక అకౌంట్ తెరిచాను. ఆయన ఏమీ అనలేదు. మొదటి వాయిదా వేశాక ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు, అంతే. ఇప్పుడు ఆ ఫ్లాట్‌కి వెళ్లి తలుపు తీసినప్పుడు బాబాయి వాళ్ల ఇల్లు అనే నోటికి వస్తోంది.

మీ చేతిలో కూడా ఇలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ నగలు మీ లాకర్‌లో ఉండొచ్చు. చెల్లి పెళ్లి డబ్బు మీ పేరున ఎఫ్‌డీలో ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ వినాయక చవితి చందాలు మీ ఫోన్‌పేలో ఉండొచ్చు. అవి మీ దగ్గర ఉన్నాయంటే ఎవరో మిమ్మల్ని నమ్మారని అర్థం. ఈ రాత్రి ఒక్క పది నిమిషాలు కూర్చుని లెక్క రాయండి. వాళ్లు అడగక ముందే పంపండి.

తిరువనంతపురం వెళ్తే మూడు ద్వారాల్లోంచీ స్వామిని చూశాక ఆ ఒట్టక్కల్ రాయిని కూడా ఒకసారి చూసి రండి. దాని మీద మనం సాష్టాంగపడకూడదు. దూరం నుంచి దండం పెట్టుకోవచ్చు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి పాదాలు దులుపుకోండి. దానికి రాజు కానక్కర్లేదు.

జై శ్రీమన్నారాయణ.